తొక్కు, పట్టు, ఒగ్గు

"తొక్కు!" అని బండి కింద నుంచి తాతారావు కేక పెట్టాడు. ఢిల్లీరావు తొక్కాడు. "పట్టు!" పట్టాడు. వెనక ఎడమ చక్రం దగ్గర గాలి తీసే నిపిలు కిర్రుమని వదులైంది, పాదం కింద పెడలు మెల్లగా నేల దాకా జారిపోయింది, మళ్ళీ నిపిలు బిగిసింది. "ఒగ్గు!" వదిలాడు. ఇది ఎన్నోసారో లెక్క తప్పిపోయింది. పదిహేనా, ఇరవయ్యా? దేవుడా, ఏడు దాటిపోయింది, కాశీబుగ్గ రోడ్డు మీద మంచు ఇంకా విడలేదు, జీడి బట్టీల పొగ ఆ మంచులోనే చిక్కుకుని కళ్ళు మండిస్తోంది, ఇక్కణ్ణించి విశాఖపట్నం నాలుగు గంటల పైమాటే. ఒంటిగంటకి ఆస్పత్రిలో మిషను ఖాళీ అవుతుంది, ఖాళీ కాగానే కాంతాన్ని దాని పక్కన మంచం మీద పడుకోబెట్టాలి, ఆలస్యమైతే ఆ మంచం ఇంకొకళ్ళది, రేపు రమ్మంటారు, ఎల్లుండి రమ్మంటారు. రేపటి దాకా ఆగే ఒళ్ళా అది? తలెత్తి అద్దంలో చూశాడు. వెనక సీట్లో రెండు తలగడలు ఎత్తుగా పెట్టుకుని, పడుకోనూ లేక కూర్చోనూ లేక, నోరు కొద్దిగా తెరిచి కళ్ళు మూసుకుని ఉంది కాంతం. మొహం ఉబ్బిపోయింది. కిడ్నీలు పోయిన మనిషి, పోయిన మంగళవారం ఆ మిషను మీద ఒంట్లో నీరు తీశారు. శుక్రవారం తీసుకెళితే మిషను పాడైంది, మంగళవారం రండి, అది మాత్రం తప్పొద్దు అని తిప్పి పంపేశారు. అంటే వారం. వారం రోజులుగా గొంతు దిగిన ప్రతి చుక్కా లోపలే ఉండిపోయింది, ఇప్పుడది ఊపిరి దగ్గరికొచ్చి కూర్చుంది. "తొక్కు!" తొక్కాడు.

మెత్తగా ఉంది. ఇంకా మెత్తగానే ఉంది. పాదం కింద ఉన్నది ఇనుమే, కానీ తొక్కుతుంటే తడిసిన మట్టిలో కాలు దిగినట్టుంది. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఈ పాదానికి తెలియని బ్రేకు లేదు. లారీ బ్రేకు తెలుసు, ట్రాక్టరు బ్రేకు తెలుసు, పెళ్ళివారి బస్సు బ్రేకు తెలుసు, ఈ అంబాసిడరు బ్రేకు అయితే చెప్పనే అక్కర్లేదు, బండి కొన్నది మొదలు ఇంకొకడి కాలు దీని మీద పడలేదు. కవిటిలో ఇంటి దగ్గర అయిదింటికి బయల్దేరినప్పుడు కూడా బాగానే ఉందనుకున్నాడు. ఉందా? ఊళ్ళో మలుపులన్నీ గేరు మీదే తిప్పేశాడు, తొక్కనే లేదేమో. తోటల మధ్య ఒకటే చీకటి, లైట్ల వెలుతురులో కొబ్బరి మొవ్వుల నుంచి మంచు చినుకుల్లా రాలుతోంది. కంచిలి వచ్చేముందు కాయల లోడుతో ఒక ఎడ్లబండి అడ్డం తిరిగింది, అప్పుడు తొక్కాడు. పెడలు వెళ్ళింది, వెళుతూనే ఉంది, వెళ్ళి నేలకి తగిలింది, బండి మాత్రం ఆగలేదు. మళ్ళీ తొక్కాడు, మళ్ళీ, మూడోసారికి ఎక్కడో పట్టింది, కాయల గోనె బంపరుకి జానెడు దూరంలో ఆగింది. వెనక కాంతం, "ఏటయినాది మావా?" అంది. "ఏటీ నేదు, గొయ్యి" అన్నాడు. అక్కణ్ణించి రెండో గేరులో, హ్యాండ్‌బ్రేకు మీద చెయ్యి తియ్యకుండా, నత్తలా కాశీబుగ్గ దాకా వచ్చాడు. "ఎందుకలా నెమ్మదిగా తోలతన్నావు?" అని దారిలో అడిగింది. "మంచు" అన్నాడు. పెళ్ళై ఇరవయ్యేళ్ళలో ఆవిడతో ఆడిన అబద్ధాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, ఈ ఒక్క పొద్దున్నే రెండు ఆడేశాడు.

తాతారావు మంచివాడు, పనిమంతుడు. వరసకి బావమరిది, కాంతానికి పెదనాన్న కొడుకు. షెడ్డు తాళం ఇంకా తియ్యకముందే, నోట్లో పందుంపుల్లతో వచ్చి, సంగతి విని, పుల్ల పారేసి పనిలోకి దిగాడు. ముందు నాలుగు చక్రాలూ తడిమి చూశాడు, ఎక్కడా తడి లేదు. డ్రైవరు కాళ్ళ దగ్గర పట్టా ఎత్తి, నేలలో ఉన్న మూత తీసి, టార్చి వేసి చూశాడు. పాత మోడలు కదా, బ్రేకు నూనె డబ్బా అక్కడే, పాదాల కిందే ఉంటుంది. "నిండా ఉన్నాది బావా. నూనె కారనేదు, డబ్బా నిండుగున్నాది. మరింకేటి? గాలే. పైపులో గాలి సొరబడ్డాది. తీసీమంటే అరగంటలో పని. నువ్వు తొక్కు, నాను తీత్తాను" అన్నాడు. ఆ అరగంట ఎప్పుడో అయిపోయింది. నిపిలుకి తగిలించిన గొట్టం సెలైను గొట్టం, కొస సీసాలో పెట్టాడు, గాలి బుడగలు వస్తే కనబడాలి కదా, మెకానిక్కులందరి దగ్గరా ఆ గొట్టమే ఉంటుంది. అతను దాని చుట్ట విప్పుతుంటే కాంతం కళ్ళు తెరిచి చూసి, "ఓలమ్మ, నా గొట్టం నీకాడికెలా వచ్చినాదన్నా?" అంది. నవ్వబోయింది, నవ్వు సగంలో దగ్గయింది, దగ్గు ఆగడానికి ఎంతసేపు పట్టిందో. ఆస్పత్రిలో కూడా ఇదే తంతు మరి, ఇదే గొట్టం, అందులో ఎర్రగా ఆవిడ రక్తం వెళ్ళడం, తిరిగి రావడం. ఒక్క బుడగ కనబడితే చాలు మిషను ఒకటే కూత, నర్సమ్మ పరిగెత్తుకొస్తుంది. గాలి ఎల్లకూడదండీ, గాలెల్తే మనిసే ఉండదు అని మొదటి రోజే చెప్పింది. ఆ రోజు నుంచి ఢిల్లీరావు స్టూలు మీద కూర్చుని నాలుగు గంటలూ గొట్టం మీద నుంచి చూపు తిప్పడు. తిప్పితే ఆ క్షణంలోనే బుడగ దూరుతుందేమోనని భయం, పిచ్చి భయమే, ఎవరితోనైనా అంటే నవ్వుతారు.

"తొక్కు!" "పట్టు!" "ఒగ్గు!" తాతారావు కుడివైపుకి పాక్కుంటూ వెళ్ళాడు. "వత్తన్నాది బావా, బుడగలు వత్తనే ఉన్నాయి, ఏటిదీ ఇంత గాలి!" ఇంత గాలి ఎలా దూరింది? తను చూసుకోలేదా? ప్రతి ప్రయాణానికీ ముందు తెల్లారగట్ల మూడున్నరకి లేచి, లాంతరు పట్టుకుని చక్రాలు చూసి, నీళ్ళు చూసి, పట్టా ఎత్తి బ్రేక్ ఆయిల్ రెండు చెంచాలో మూడు చెంచాలో తగ్గితే పోసి, అప్పుడు కాంతాన్ని లేపుతాడు. ఏడాదిగా తప్పని పని. ఇవాళ లేవలేదు. ఇవాళ కాంతమే లేపింది, నాలుగున్నరకి, "లే మావా, వేళయిపోతన్నాది" అని. కళ్ళు తెరిచి గడియారం చూసి ఒళ్ళు మండింది, తన మీద తనకే. బండి మొహం చూడకుండానే బయల్దేరాడు. ఎందుకు లేవలేకపోయాడు? నిద్ర. నిద్రంటే ఏమిటో మరిచిపోయిన మనిషికి ఒక్కసారి కొట్టిన నిద్ర. రాత్రంతా ఆవిడ ఎడమ చెయ్యి అతని చెవి దగ్గర ఉంటుంది. సూది గుచ్చడానికి మోచేతి దగ్గర నరం కలిపి కుట్టారు, అక్కడ చెవి పెడితే గుర్రుమని చిన్న చప్పుడు, పొయ్యి మీద ఎసరు మరగబోయే ముందు వచ్చే చప్పుడు. ఆ చప్పుడు ఉన్నంతసేపూ ఫరవాలేదు, ఆగిందా, వెంటనే రావాలి అన్నాడు డాక్టరు. ఆ ఒక్క మాట చాలు, ఢిల్లీరావు కంటి మీద కునుకు పోయింది. అరగంటకోసారి ఉలిక్కిపడి చెవి పెడతాడు. ఉంది. మళ్ళీ పెడతాడు. ఉంది. ఆవిడ పడుకునే ఉంటుంది, తెలియదనుకుంటాడు.

శుక్రవారం మాట గుర్తొస్తే ఇప్పటికీ అరికాళ్ళు చల్లబడతాయి. మిషను లేదన్నారు కదా, ఉత్తి చేతులతో తిరిగొస్తున్నారు, మధ్యాహ్నం ఎండ, కడుపులో ఏమీ లేదు, టెక్కలి దగ్గర పడుతోంది, రావివలస మలుపు. ఒక్క రెప్పపాటు. రోడ్డు ఉంది, తర్వాత లేదు, తర్వాత మళ్ళీ ఉంది, మధ్యలో ఏం జరిగిందో అతనికి తెలియదు. "మావా, నీల్లు!" అని వెనక నుంచి కేక వినబడింది, కళ్ళు తెరిస్తే ఎడమ చక్రాలు మట్టిలో ఉన్నాయి, ఎదురుగా కిలోమీటరు రాయి. లాగాడు, దాటాడు. ఆవిడకి తెలియలేదు, రావివలస గుళ్ళో మల్లికార్జునుడే ఆ వేళకి దాహం పుట్టించి ఆవిడ నోటి వెంట ఆ మాట పలికించాడు అనుకున్నాడు. అనుకుని ఊరుకున్నాడా? లేదు. భయం కోపమై, "రోజుకి అర లీటరన్నారు కాంతం, పన్నెండుకే అయిపోనాది, ఇంకేటి నీల్లు? నీకు బతకాలనుందా నేదా?" అని కసిరాడు. కొబ్బరిచెట్ల కింద పుట్టి, ఊహ తెలిసినప్పటి నుంచి దాహమేస్తే కొబ్బరిబొండం కొట్టుకు తాగిన మనిషి, ఆ నీళ్ళు విషంతో సమానమని డాక్టరు చెప్పిన రోజున కూడా మాట్లాడలేదు. రావివలస వైపు తిరిగి, నెత్తి మీద కప్పు లేకుండా ఎండలో కూర్చునే ఆ దేవుడికి దణ్ణం పెట్టుకుంది. మెల్లిగా, "సాలు మావా. ఇంక నన్ను తిప్పకు. నీవల్ల అవ్వట్లేదు" అంది. అతను రేడియో గట్టిగా పెట్టేశాడు. వినబడనట్టు ఉండిపోవడం చేతకాని మొగాళ్ళకి బాగా తెలిసిన విద్య.

"ముందు చక్రాలు" అంటూ తాతారావు గొట్టం, సీసా పట్టుకుని ముందుకొచ్చాడు. నిండిన సీసా తీసి షెడ్డు అరుగు మీద, చల్లటి సిమెంటు మీద పెట్టాడు, ఇంకో ఖాళీ సీసా తెచ్చాడు. ఢిల్లీరావు పాదాల మధ్య చెయ్యి పెట్టి డబ్బాలో కొత్త నూనె పోశాడు. "కాలు తియ్యకు బావా." తియ్యలేదు. తొక్కు, పట్టు, ఒగ్గు. తొక్కు, పట్టు, ఒగ్గు. వెనక ఊపిరి చప్పుడు వినబడుతోంది, ఒక్కో ఊపిరికీ ఇంత పని చెయ్యాలా మనిషి, అది కూడా ఎవరో అడుగున కూర్చుని లాగు, పట్టు, ఒగ్గు అంటున్నట్టే ఉంది. ఏడూ ముప్పావు. బస్సెక్కిద్దామా? నిలబడలేదు. రైలా? స్టేషను మెట్లు ఎక్కలేదు. ఇంకో బండి పిలుద్దామా? ఆ మాటే నచ్చదు అతనికి. ఇంకొకడి బండిలో, ఇంకొకడి చేతిలో, గొయ్యికి గొయ్యికి ఆవిడ చెయ్యి తలుపుకి కొట్టుకుంటే? ఆ చేతిలో చప్పుడు ఆగిపోతే? ఎవడికి తెలుసు ఆ చెయ్యి సంగతి! మొండితనం అనండి, అహంకారం అనండి. ఏడాదిలో వంద సార్లు తీసుకెళ్ళాడు, వంద సార్లూ తనే తోలాడు. తను తోలినంతకాలం ఆవిడకి ఏమీ కాదని ఎక్కడో ఒక నమ్మకం పడిపోయింది, ఎవరు చెప్పారో, ఎందుకు చెప్పారో.

"తొక్కు!" తొక్కాడు. అరె! ఆగింది. సగంలోనే ఆగింది, పాదానికి ఎదురు తగిలింది. మళ్ళీ తొక్కాడు, గట్టిగా ఉంది. ప్రాణం లేచొచ్చింది. "వచ్చీసినాదిరా తాతారావూ!" అని అరిచాడు. "ఉండుండు, కంగారు పడకు. స్టార్టు సేసి, తొక్కి, అలాగే పట్టుకో. నాను యాభై లెక్కెడతాను" అని తాతారావు చక్రం పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఇంజిను మోగింది. తొక్కాడు. పట్టాడు. ఒకటి, రెండు, మూడు. గట్టిగానే ఉంది. పది. ఉంది. పదిహేను. ఏమిటిది? వెంట్రుకవాసి జారిందా? లేదు, కాలు అలిసిపోయింది అంతే. ఇరవై. జారింది. ఇరవై అయిదు. జారుతోంది, నెమ్మదిగా, దొంగలా, పాదం కింద నుంచి నేల వైపు వెళ్ళిపోతోంది. ముప్పై. చెప్పాలి. చెప్తే ఏమవుతుంది? అన్నీ విప్పుతాడు, మధ్యాహ్నమవుతుంది, ఒంటిగంట మంచం పోతుంది. చెప్పకపోతే? గేరు మీద పోవచ్చు, హ్యాండ్‌బ్రేకు ఉంది, మంచు విడిపోతోంది, తను ఢిల్లీరావు, ఇరవై ఆరేళ్ళ సర్వీసు, రెండుసార్లు తొక్కితే పడుతోంది కదా, రెండుసార్లు తొక్కడం ఎంతసేపు? కిలోమీటరు రాయి కళ్ళ ముందు నిలబడింది. నలభై. ఈ లోకంలో ఈ సంగతి తెలిసింది ఈ పాదానికి ఒక్కదానికే. బయటికి ఏమీ కనబడదు, ఏమీ వినబడదు. యాభై. "ఎలాగున్నాది బావా?" అన్నాడు తాతారావు.

"గట్టిగానే ఉన్నాది" అన్నాడు ఢిల్లీరావు.

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని అతనికే అనుమానం వచ్చింది. తాతారావు మారుమాట లేకుండా నమ్మేశాడు, ఆ కాలు అబద్ధమాడదని అతనికి తెలుసు మరి. చేతులు గుడ్డకి తుడుచుకుంటూ లేచాడు. "టీ తాగి ఎల్దువు" అన్నాడు. "వద్దు, ఎల్లిపోతాను" అని ఢిల్లీరావు గేరు మీద చెయ్యి వేశాడు. అద్దంలో కాంతం కళ్ళు తెరిచి ఉన్నాయి, అతని వైపే చూస్తున్నాయి. ఏమిటా చూపు? తెలిసిపోయిందా? ఎలా తెలుస్తుంది? తాతారావు అరుగు మీద సీసా తియ్యబోయి ఆగిపోయాడు. వంగాడు. సీసా ఎత్తి వెలుతురులో పట్టుకున్నాడు. ఊపాడు. "బావా, ఇంజినాపు" అన్నాడు. ఆ గొంతు వినగానే ఢిల్లీరావు తాళం తిప్పేశాడు, ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది, జీడి బట్టీలో గింజలు చిటపటమనడం రోడ్డు అవతలి నుంచి వినబడింది.

సీసాలో అడుగున పచ్చగా బ్రేక్ ఆయిల్ ఉంది. పైన రెండు వేళ్ళ మందాన తెల్లగా, పేరుకుని, గడ్డకట్టి ఉంది. ఉద్దానం కొబ్బరితోటల మధ్య పుట్టినవాడెవడికీ అదేమిటో చెప్పక్కర్లేదు. పుష్యమాసం పొద్దున్న ప్రతి ఇంటి గూట్లోనూ, ప్రతి సీసాలోనూ కనబడే తెలుపే అది. తాతారావు వేలు పెట్టి తీసి, బొటనవేలితో రాశాడు, కరిగిపోయింది, వాసన చూశాడు. "కొబ్బరి నూనె! ఎవుడు బావా, బ్రేకులో కొబ్బరి నూనె పోసినోడు ఎవుడు?" అన్నాడు. కోపం కన్నా ఆశ్చర్యమే ఎక్కువ అతనికి. "సలికి పేరుకుని లోపల కన్నం మూసీసినాది, అందుకే పొద్దున్నే మెత్తబడ్డాది. సైలెన్సరు ఏడికి మళ్ళీ కరిగిపోనాది, నాను టార్చీసి సూత్తే నూనెలాగే ఉన్నాది, ఏటి తెలుత్తాది? రబ్బర్లన్నీ ఉబ్బిపోయుంటాయి. ఇప్పుడు గట్టిగున్నాదంటావు, టెక్కలి కాడ నేలకంటుకుంటాది. ఈ బండి కదలకూడదు. నాలుగు సక్రాలూ ఇప్పాల, రబ్బర్లు మార్చాల, పైపులు కడగాల. సాయంత్రం దాకా పని."

ఢిల్లీరావు వినడం లేదు. అతనికి పొయ్యి కనబడుతోంది. తెల్లారగట్ల ఒకసారి మెలకువ వచ్చినట్టే వచ్చింది, సగం నిద్రలో, పెరటి తలుపు తీసుంది, పొయ్యిలో చితుకులు మండుతున్నాయి, దాని ముందు కాంతం గొంతుక్కూర్చుని సీసా ఒకటి మంట దగ్గర తిప్పుతూ ఉంది. నూనె కరిగిస్తోంది, కీళ్ళ నొప్పులు కాబోలు అనుకున్నాడు, మళ్ళీ నిద్రలో పడిపోయాడు. తలకి నూనె రాసుకోవడం ఎప్పుడో మానేసింది కదా. కీళ్ళకి రాసుకుంటే కారులో వాసన రావాలి కదా. రాలేదు. మరి ఆ నూనె ఏమైంది? సాలు మావా. ఇంక నన్ను తిప్పకు. అమ్మో. అమ్మో, అలా ఆలోచించకు. బండి కదలకుండా చెయ్యాలనుకుందా? బండి ఆగిపోతే తనని తీసుకెళ్ళడం ఆగిపోతుందనుకుందా? ఇంత ఉబ్బిన కాళ్ళతో, ఊపిరాడని మనిషి, చీకట్లో బండి దాకా నడిచి, పట్టా ఎత్తి, మూత విప్పి... అంత కష్టపడింది చావడానికా? తను కసిరినందుకా? నీకు బతకాలనుందా నేదా అని అడిగాడు కదా, అదేనా జవాబు? అద్దంలోకి చూడాలంటే భయమేసింది. వెనకనున్నది కాంతం, తన కాంతం, ఆవిడ వైపు చూడడానికి భయం. తాతారావు ఇంకా అడుగుతున్నాడు, "సెప్పు బావా, ఎవుడు?"

"నానే" అన్నాడు ఢిల్లీరావు. "నిద్దరమత్తులో సీసా మారిపోనాది. నానే పోసీసినాను."

"నీ తెలివి తెల్లారినట్టే ఉన్నాది! ఇరవయ్యారేళ్ళు బండి తోలి..." అని తాతారావు అందుకున్నాడు. ఢిల్లీరావు తల వంచుకుని వింటున్నాడు, తిట్టు, ఇంకా తిట్టు, నువ్వు తిడుతున్నంతసేపూ ఇంకెవరూ ఏమీ అడగరు. అప్పుడు వెనక నుంచి, ఊపిరికీ ఊపిరికీ మధ్య ఆగుతూ, కాంతం గొంతు వచ్చింది.

"ఆయన్ననకు అన్నా. పోసింది నాను."

ఢిల్లీరావు వెనక్కి తిరగలేదు. స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు, చెప్పకు, కాంతం, చెప్పకు, అని లోపల ఒకటే గోల.

"సుక్కురారం నాడు రావివలస మలుపుకాడ ఈ మనిసి కళ్ళు మూసీసినాడు" అంది కాంతం. "సూత్తనే ఉన్నాను. నిద్దరోతన్నావంటే సిగ్గుపడతాడని, నీల్లన్నాను. నాకు దాహం కాదన్నా. మూడు నెలలయినాది ఈయన నిద్దరోయి. రాత్తిరంతా నా సెయ్యి సెవికాడెట్టుకుని కూకుంటాడు, నాకు తెల్దనుకుంటాడు. బయల్దేరే రోజు మరీ, మూడున్నరకే లేసిపోతాడు బండి సూసుకోవాలని. ఆ పనేదో నాను సేసీత్తే ఇంకో గంట తొంగుంటాడు కదాని..." ఆగింది. ఊపిరి తీసుకుంది. "రోజూ సూత్తన్నదే కదా. పట్టా ఎత్తడం, మూత ఇప్పడం, గూట్లో సీసా తెచ్చి పొయ్యడం. ఏటున్నాదందులో? సీసా తీత్తే గడ్డకట్టీసున్నాది. సలికి నూనె పేరుకోదా, ఏ నూనైనా పేరుకుంటాదనుకున్నాను. పొయ్యికాడెట్టి కరిగించి మరీ పోసినాను. ఒలికిపోకుండా పోసినాను. వాసనలు తెల్డం మానీసినాయి కదన్నా నాకు, ఈ రోగం వచ్చినకాడినుంచీ."

బ్రేక్ ఆయిల్ సీసా గూట్లో లేదు. శుక్రవారం తనే తీసి డిక్కీలో పెట్టాడు. గూట్లో ఉండిపోయింది దాని జత, కొబ్బరి నూనె సీసా, అదే సైజు, అదే మూత, రెంటినీ ఒకేచోట పెట్టింది తనే, చీటీ అంటించింది లేదు, ఆవిడకి చెప్పింది లేదు. ఢిల్లీరావు స్టీరింగు మీద తల ఆనించాడు. ఏడుపు వచ్చేసింది, ఆపుకుందామనుకున్నాడు, ఆగలేదు, మొగాడు కాశీబుగ్గ రోడ్డు మీద పొద్దున్నే వెక్కి వెక్కి ఏడిస్తే ఎవరేమనుకుంటారో అనే సిగ్గు కూడా లేకుండా ఏడ్చాడు. చావాలని పోసిందనుకున్నాడు. ఎలా అనుకోగలిగాడు? తన గంట నిద్ర కోసం ఆ కాళ్ళతో పొయ్యి దాకా నడిచింది, మంట ముందు కూర్చుని నూనె కరిగించింది. "గట్టిగా నేదురా" అన్నాడు తల ఎత్తకుండానే. "ఏటి?" అన్నాడు తాతారావు. "బ్రేకు. గట్టిగా నేదు. నువ్వు ఇరవై అన్నకాడినుంచీ దిగిపోతన్నాది. అబద్ధమాడినాను."

ఇంకొకడైతే పదిమందిని పిలిచి చెప్పుకునే మాటే. తాతారావు సీసా అరుగు మీద పెట్టి, షెడ్డులోకి వెళ్ళి, సామాన్లు తెచ్చుకునే తన మారుతి వ్యాను బయటికి తీశాడు. వెనకున్న టైర్లు, జాకీ కిందికి దించాడు, గోనెసంచులు దులిపి పరిచాడు, అంబాసిడర్లోంచి తలగడలు తెచ్చి అమర్చాడు. "నువ్వు తోలతావేటి?" అని ఢిల్లీరావు తాళం కోసం చెయ్యి చాపబోయాడు. "ముట్టుకున్నావంటే సెయ్యి ఇరుగుతాది" అన్నాడు తాతారావు. "నిద్దరమొకమోడికి బండిచ్చి నా సెల్లిని పంపుతానా? ఎనక కూకో. పన్నెండున్నరకి దింపుతాను." ఇద్దరూ కలిసి కాంతాన్ని ఎత్తారు. ఎంత నీరున్నా ఎంత తేలిక, ఎలా సాధ్యం అది? ఎనిమిదీ పావు. షెడ్డు తలుపు వెయ్యకుండానే బయల్దేరారు.

వ్యాను కదలగానే ఢిల్లీరావు కుడికాలు లేచింది. ముందు ఒక సైకిలు అడ్డమొచ్చింది, తొక్కాడు, వట్టి రేకు మీద. లారీ ఎదురొచ్చింది, తొక్కాడు. కాశీబుగ్గ దాటారు, జీడితోటలు వచ్చాయి, ప్రతి మలుపుకీ పాదం నేలని నొక్కుతోంది, ముందు కూర్చున్నవాడి చేతులు చూస్తున్నాడు, గేరు ఆలస్యంగా వేశాడు, ఇక్కడ హారను కొట్టాలి, అయ్యో అంత పక్కకా, తొక్కు, తొక్కరా. ఒక చెయ్యి కాంతం ఎడమ మోచేతి కింద దిండులా పెట్టి ఉంచాడు, గొయ్యి వచ్చినప్పుడల్లా ఆ చేతిని గాలిలోకి ఎత్తి పట్టుకుంటున్నాడు. చెప్పాలి ఆవిడతో. నువ్వు చావాలనుకున్నావని అనుకున్నాను అని చెప్పాలా? చెప్తే క్షమిస్తుందా? చెప్పకపోతే తను బతకగలడా? "కాంతం" అన్నాడు. "ఊఁ" అంది. "సుక్కురారం నిన్ను కసిరినాను." "తెల్సు." "బతకాలనుందా నేదా అన్నాను." ఆవిడ ఊపిరి కూడదీసుకుంది.

"ఉన్నాది" అంది కాంతం. "నేకపోతే నిన్నెందుకు లేపుతాను?"

ఇంకో మలుపు వచ్చింది. అతని పాదం రేకు మీద బిగిసింది. అప్పుడు ఆవిడ ఉబ్బిన పాదం, చెప్పులో పట్టని పాదం, మెల్లగా జరిగి అతని పాదం మీదికి వచ్చి కూర్చుంది. బరువుగా, వెచ్చగా ఉంది. "ఒగ్గీ మావా" అంది. "తాతారావన్న తొక్కుతాడు. నువ్వు తొంగో."

తొంగోను, అనుకున్నాడు. నాకెందుకు నిద్ర, అనుకున్నాడు. ఎడమ చెయ్యి ఆవిడే తెచ్చి అతని చెవికి ఆనించింది. గుర్రుమంటోంది. ఉంది. ఇంకోసారి విన్నాడు. ఉంది. ముందు తాతారావు గేరు మార్చాడు, సరైన వేళకే మార్చాడు. ఎండ వచ్చింది, తోటలు వెనక్కి పోతున్నాయి, ఆ చప్పుడు చెవిలో అలాగే ఉంది. టెక్కలి ఎప్పుడు వచ్చిందో, రావివలస మలుపు ఎప్పుడు దాటిందో ఢిల్లీరావుకి తెలియదు.